మెదడుతో పాటు వెళ్లాల్సిన ఫైలు

మా మామయ్య వాళ్ల బీరువా మీద ఒక కవరు ఉంటుంది. బట్టల షాపు వాళ్లు ఎప్పుడో ఇచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవరు. అందులో పదేళ్ల ఓపీ చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, ఎంఆర్ఐ ఫిల్ములు రెండు, రబ్బరు బ్యాండు వేసిన మందుల బిల్లుల కట్ట, వాటి మధ్యకి ఎలా వచ్చిందో తెలియని గ్యాస్ బుక్కు. ఆయనకు పార్కిన్సన్స్, చేతులు వణికే నరాల జబ్బు. హిందూపురం దగ్గర లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు బెంగళూరులో బావ దగ్గర ఉంటున్నారు. పోయిన వేసవిలో ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి "నేను పోయాక నా మెదడు రీసెర్చికి ఇచ్చెయ్యండ్రా" అన్నారు. అత్తయ్య గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ గొడవ సర్దుకోవడానికి నెల పట్టింది. సర్దుకున్నాక మేమంతా అనుకున్నదేమిటంటే, ఇంకేముంది, ఒక ఫారం మీద సంతకం పెడితే పనైపోతుంది.

అవ్వలేదు. సంతకం చిన్న పని. పెద్ద పని ఆ కవరే. మెదడు వెంట మనిషి జబ్బు చరిత్ర కూడా వెళ్లాలి. ఆ చరిత్ర నాలుగు ఆస్పత్రుల్లో, రెండు ఊళ్లలో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, సగం అత్తయ్య జ్ఞాపకంలో ఉంది. దాన్ని ఎవరు అడగాలి, ఏమని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది నేను ఈ ఏడాదిలో నేర్చుకున్నంత వరకు రాస్తున్నాను.

అంతకంటే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. మన దగ్గర మెదడు, దానం అనే రెండు మాటలు కలిసి వినిపిస్తే అందరికీ గుర్తొచ్చేది బ్రెయిన్ డెడ్ కేసు, అవయవదానాలు చూసే జీవన్‌దాన్, గ్రీన్ కారిడార్, అంబులెన్సులో గుండె. అది వేరే సంగతి. అక్కడ మెదడు చనిపోయి, మిగతా అవయవాలు పనిచేస్తుంటాయి. వాటిని ఇంకొకరికి అమరుస్తారు. మెదడును ఎవరికీ అమర్చరు, అది పరిశోధనకే వెళ్తుంది. పైగా బ్రెయిన్ డెడ్ అయి వెంటిలేటర్ మీద చాలాసేపు ఉంచిన మనిషి మెదడు రక్తం అందక లోపల మెత్తబడిపోతుంది. పరిశోధకులకు అందులోంచి దక్కేది తక్కువ. కాబట్టి జీవన్‌దాన్‌లో పేరిచ్చినంత మాత్రాన మెదడు దానం చేసినట్టు కాదు. దీనికి విడిగా మాట్లాడుకోవాలి, విడిగా సంతకాలు పెట్టాలి.

మన దేశంలో ఈ పనికి అందరికంటే ముందు గుర్తొచ్చే చోటు బెంగళూరు నిమ్హాన్స్, నరాల, మానసిక జబ్బుల పెద్దాస్పత్రి. అక్కడి న్యూరోపాథాలజీ విభాగంలో 1995లో హ్యూమన్ బ్రెయిన్ టిష్యూ రిపాజిటరీ మొదలైంది. వాడుకలో బ్రెయిన్ బ్యాంక్. దాన్ని మొదలుపెట్టి నిలబెట్టినవారు న్యూరోపాథాలజిస్టు డాక్టర్ ఎస్.కె. శంకర్. ఆవరణలోనే మెదడు మ్యూజియం ఉంది, మామూలు జనం కూడా వెళ్లి చూడొచ్చు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి నిమ్హాన్స్ ఓపీకి వచ్చే తెలుగువాళ్లకు లెక్కే లేదు. వాళ్లకు ఒక సుళువు ఉంది, ఫైలులో కనీసం ఒక భాగం అక్కడే ఉంటుంది. మామయ్య ఫైలు అంత అదృష్టం చేసుకోలేదు.

మెదడు చూస్తే తెలిసిపోదా?

మా బావ అడిగిన ప్రశ్న ఇదే. మైక్రోస్కోపు కింద పెడితే జబ్బేదో తెలిసిపోతుంది కదా, పాత చీటీలతో పనేంటి?

దీనికి జవాబు 1901లో ఉంది. ఆ ఏడాది నవంబరు 25న ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఆగుస్టె డేటర్ అనే 51 ఏళ్ల ఆవిడను చేర్చారు. అక్కడి డాక్టర్ అలోయిస్ ఆల్జైమర్ ఆవిడ ఎదురుగా కూర్చుని, అడిగిన ప్రశ్నా చెప్పిన జవాబూ ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. నీ పేరు? ఆగుస్టె. ఇంటిపేరు? ఆగుస్టె. మీ ఆయన పేరు? ఆగుస్టె అనుకుంటా. మధ్యాహ్నం భోజనంలో ఆవిడ కాలీఫ్లవర్, పంది మాంసం తింటోంది. ఏం తింటున్నావని అడిగితే పాలకూర అంది. అదీ రాసుకున్నాడు.

తర్వాత ఆయన ఉద్యోగం మారి చివరికి మ్యూనిక్ చేరాడు. 1906 ఏప్రిల్ 8న ఆవిడ చనిపోయిందని కబురందాక ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రెండు తెప్పించుకున్నాడు: ఆవిడ మెదడు, ఆవిడ కేసు ఫైలు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసినదాన్ని నవంబరులో ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో చెప్పాడు. ఈరోజు మనం ఆల్జైమర్స్ అంటున్న జబ్బు అలా లెక్కలోకి వచ్చింది. మైక్రోస్కోపులో కనిపించిన ముద్దలకూ ముడులకూ ఫైలులోని పాలకూర జత కలిస్తేనే అది జబ్బయింది. మెదడొక్కటే వచ్చి ఉంటే, ఏవో మచ్చలున్న ఒక మెదడు. ఆ ఫైలు తర్వాత ఎటో పోయి, దాదాపు 90 ఏళ్లకు, 1995 డిసెంబరులో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఒక నీలం అట్టలో దొరికింది. ఆస్పత్రి రికార్డుల గదిలో "మీ ఫైలు కనబడట్లేదండీ" అంటే నాకిప్పుడు ఆ నీలం అట్ట గుర్తొచ్చి కోపం కొంచెం తగ్గుతుంది.

మా ఇంటికి దగ్గర ఉదాహరణ ఇంకోటి ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో కొందరికి ఏళ్లు గడిచాక మతిమరుపు వస్తుంది. ఇంకో జబ్బు, లూయీ బాడీ డిమెన్షియా. అందులో మతి ముందు తప్పుతుంది, లేదా వణుకూ బిగుసుకుపోవడమూ మొదలైన ఏడాదిలోపే తప్పుతుంది. రెండిట్లోనూ మెదడు కణాల్లో కనిపించేవి అవే లూయీ బాడీలు, అంటే ప్రోటీన్ ముద్దలు. మైక్రోస్కోపు ముందు కూర్చున్న డాక్టరు చాలాసార్లు ఈ రెంటినీ విడదీసి చెప్పలేడు. విడదీసేది తేదీలే. వణుకు ఎప్పుడు మొదలైంది, మతిమరుపు ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఏడాది దాటిందా లేదా. డాక్టర్లు దీన్ని ఏడాది నియమం అంటారు. ఆ తేదీ మెదడులో ఎక్కడా రాసి ఉండదు, 2014 నాటి ఓపీ చీటీ మీద ఉంటుంది. ఆ చీటీ పోతే పరిశోధకుడి చేతిలో మెదడు ఉన్నా అది ఏ జబ్బు అరలో పెట్టాలో తెలియదు.

మందులు ఇంకో కథ. కొన్ని మానసిక వైద్యపు మందులు ఏళ్ల తరబడి వాడితే అచ్చం పార్కిన్సన్స్‌లాగే చేతులు వణికిస్తాయి. హాలోపెరిడాల్ వాటిలో ఒకటి. చనిపోయాక మెదడు చూస్తే లూయీ బాడీలు ఉండవు. డాక్టర్లు తికమక పడతారు, మందుల చీటీ ఉంటే పడరు. అలాగే లెవోడోపా, అంటే మనవాళ్లు సిండోపా అని పిలిచే మాత్ర, వేసుకుంటే మనిషి లేచి తిరిగాడా, ఏమీ తేడా రాలేదా అన్నది కూడా రోగనిర్ధారణలో భాగమే. మామయ్యకు మొదట్లో ఎంత బాగా పనిచేసిందంటే డాక్టరు చీటీ మీద ఇంగ్లిషులో "బాగా తగ్గింది" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆ రెండు గీతలే మాకు ఇప్పుడు విలువైనవి.

తలకిందులుగా కూడా జరుగుతుంది. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద డేవిడ్ స్నోడన్ అనే ఆయన ఏళ్ల తరబడి ఒక అధ్యయనం చేశాడు. వాళ్లంతా ఏటా జ్ఞాపకశక్తి పరీక్షలు రాసి, చనిపోయాక మెదళ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వాళ్లలో 101 ఏళ్లు బతికిన సిస్టర్ మేరీ మెదడు నిండా ఆల్జైమర్స్ గుర్తులే. కానీ ఆవిడ పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంటూనే వెళ్లిపోయింది. మార్కుల కాయితాలు లేకపోతే ఆవిడను మతిపోయిన మనిషిగా రాసేసేవాళ్లు. అందుకే ఏ జబ్బూ లేనివాళ్లు మెదడు ఇస్తామన్నా బ్యాంకులు సంతోషిస్తాయి, వాళ్ల ఫైళ్లు కూడా అడుగుతాయి. పోల్చి చూడ్డానికి మామూలు మెదడు కావాలి, అది నిజంగా మామూలుదేనని చెప్పే కాయితం కావాలి.

సంతకం ఎవరిది?

అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

డాక్టర్ల వృత్తి నియమాలని 2002లో భారతీయ వైద్య మండలి తెచ్చిన నిబంధనలున్నాయి. వాటి ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లు ఉంచాలి. పేషెంటు గానీ, అతను అధికారం ఇచ్చిన అటెండెంటు గానీ అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది డాక్టరు తప్పు కింద లెక్క, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి అదే నెలలో పక్కన పెట్టేసింది. కాబట్టి కౌంటరు దగ్గర మాట్లాడేటప్పుడు పట్టుకోవాల్సిన మాట 2002, 72 గంటలు.

ఈ నియమంలో రెండు చిన్న మాటల్ని జాగ్రత్తగా చదవాలి. ఒకటి, ఇన్‌పేషెంట్లు. అంటే మంచం మీద పడుకోబెట్టి చూసిన రోజులకే ఈ 3 ఏళ్ల లెక్క. ఓపీలో చూపించుకున్న చీటీ మన చేతికిచ్చి పంపేస్తారు, చాలాచోట్ల దాని కాపీ వాళ్ల దగ్గర ఉండదు. పార్కిన్సన్స్ లాంటి జబ్బులో మొదటి అయిదారేళ్లు మనిషి అడ్మిట్ అయ్యేదే ఉండదు, కథంతా ఓపీలోనే. కాబట్టి బీరువా మీది బట్టల షాపు కవరే అసలు ఆర్కైవ్. దాన్ని పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పారేస్తే ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు.

రెండో మాట, అధికారం ఇచ్చిన. ఎవరు ఇవ్వాలి? పేషెంటు. ఎప్పుడు? ఇవ్వగలిగినప్పుడు. మతి తప్పాక పెట్టిన సంతకానికి, వేయించిన వేలిముద్రకి రేపు ఎవరైనా అడ్డం తిరిగితే విలువ ఉండదు. "మా నాన్న నాకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు" అని ధీమాగా ఉండేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. మన కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతి స్థిమితం తప్పినా ఆ ఏజెన్సీ ముగుస్తుంది. అంటే మామూలు పవర్ ఆఫ్ అటార్నీ సరిగ్గా మనకు అవసరమైన రోజునే చేతిలోంచి జారిపోతుంది. పొలం అమ్మకాలకు పనికొచ్చే కాయితాన్ని ఇక్కడ నమ్ముకోకూడదు.

మతిమరుపు జబ్బుల వాళ్లకు ఇంకో దారి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మానసిక జబ్బు అనే మాటకు అది ఇచ్చిన నిర్వచనంలో ఆలోచన, మూడ్‌తో పాటు జ్ఞాపకశక్తి కూడా ఉంది. ఆ చట్టం కింద మనిషి తన తరఫున ఒక నామినేటెడ్ ప్రతినిధిని తెల్లకాయితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు. రోగనిర్ధారణ, చికిత్స వివరాలు అడిగే హక్కు ఆ ప్రతినిధికి ఉంటుంది. తన వైద్య రికార్డులు చూసే హక్కు పేషెంటుకూ అదే చట్టం ఇస్తుంది. ఇదీ తెలివి ఉండగా చెయ్యాల్సిన పనే.

మనిషి పోయాక అడిగితే? ఇస్తారు, కానీ తలుపు మారిపోతుంది. డెత్ సర్టిఫికెట్ అడుగుతారు, మీరు వారసులేనా అంటారు, ఆధార్ అంటారు, ఇద్దరు కొడుకులుంటే రెండోవాడి ఒప్పుదల ఏదీ అంటారు. పదకొండో రోజు, పన్నెండో రోజు కార్యక్రమాల మధ్య ఈ తిరుగుడు ఎవరు తిరుగుతారు? మెదడైతే అప్పటికే ఫార్మలిన్‌లో, అంటే కుళ్లకుండా దాచే ద్రవంలో ఉంటుంది. ఫైలు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో.

అందుకే మేం చేసింది ఇది. మామయ్యకు చెయ్యి ఇంకా కుదురుగా ఉన్న ఉదయం పూట, మాత్ర వేసుకున్న గంటకి, నాలుగు ఉత్తరాలు రాయించాం. ప్రతి ఆస్పత్రికీ ఒకటి. "నా పూర్తి వైద్య రికార్డుల కాపీలను నా కుమారుడికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను, నా మరణానంతరం కూడా అతనే తీసుకొనవచ్చు" అని. మరణానంతరం అన్న మాటకు ఆస్పత్రి కట్టుబడి తీరుతుందని కాదు. కానీ మనిషి ఇష్టం ఏమిటో ఆయన చేతిరాతలోనే ఉంటుంది, రేపు కౌంటర్లో కూర్చున్నవాళ్లకు అది చిన్న ధైర్యం.

కౌంటర్లో ఏమని అడగాలి

ప్రతి పెద్ద ఆస్పత్రిలోనూ ఎంఆర్‌డీ అని ఒక విభాగం ఉంటుంది, మెడికల్ రికార్డ్స్. ఎక్కువగా సెల్లార్లో, మార్చురీకో పార్కింగ్‌కో పక్కన. రిసెప్షన్ వాళ్లను "ఫైలు కావాలి" అంటే బిల్లింగుకు పంపుతారు, బిల్లింగ్ వాళ్లు డాక్టరు దగ్గరికి, డాక్టరు "డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదమ్మా" అంటాడు. మా బావ ఒక ఆస్పత్రిలో ఈ చుట్టు రెండుసార్లు తిరిగొచ్చాడు. నేరుగా ఎంఆర్‌డీకి వెళ్లి, ఐపీ నంబరు (అడ్మిట్ అయినప్పుడు ఇచ్చే నంబరు) రాసి, "కంప్లీట్ కేస్ షీట్ కాపీ" అని అడగాలి. డిశ్చార్జ్ సమ్మరీ వేరు, కేస్ షీట్ వేరు. సమ్మరీ రెండు పేజీల కథాసారం, చాలాసార్లు పాతదాన్ని కాపీ కొట్టి తేదీ మార్చినది. కేస్ షీట్‌లో రోజువారీ డాక్టరు నోట్సు, నర్సుల చార్టు, ఇచ్చిన ప్రతి ఇంజెక్షన్ టైము, న్యూరాలజిస్టు వచ్చి మోకాలి మీద సుత్తితో కొట్టి ఏం చూశాడో అదీ ఉంటుంది. పరిశోధకులకు కావలసింది అదే.

స్కానింగుల సంగతి. ఫిల్ము మన ఎండలకు ఒకదానికొకటి అంటుకుపోతుంది. ఫిల్ము కాదు, అసలు ఇమేజ్ డేటా సీడీలో ఇమ్మనాలి, ఇంటికి రాగానే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఇప్పుడు ఏ ల్యాప్‌టాప్‌కీ సీడీ పెట్టే చోటు ఉండట్లేదు. ఈసీజీ లాంటివి వచ్చే నున్నటి కాయితం రెండు మూడేళ్లలో తెల్లబడిపోతుంది, దాన్ని ఆరోజే జిరాక్స్ తీయించడం మేలు. నరాలకో కండరానికో ముక్క తీసి పరీక్ష చేయించి ఉంటే ల్యాబ్‌లో ఆ స్లైడు ఇంకా ఉందేమో అడగాలి.

ఇన్సూరెన్స్ ఒక గొయ్యి. రీయింబర్స్‌మెంట్ కోసం ఒరిజినల్స్ మొత్తం కంపెనీకి పంపేసి, కాపీ తీసుకోకుండా చేతులు దులుపుకున్న ఇళ్లు ఎన్నో. మాదీ ఆ బాపతే. 2018లో మామయ్య జారిపడి తలకు దెబ్బ తగిలినప్పటి సీటీ స్కాన్ రిపోర్టు అలాగే పోయింది. ఆస్పత్రికి వెళ్తే 3 ఏళ్లు దాటిపోయాయన్నారు, చట్టం వాళ్ల వైపే ఉంది. చివరికి బావ పాత ఈమెయిల్లో, క్లెయిమ్‌కు అటాచ్ చేసిన వంకర ఫొటో ఒకటి దొరికింది. తలకు దెబ్బ అన్నది మెదడు బ్యాంకుకు చిన్న విషయం కాదు, అందుకే ఆ వంకర ఫొటోనే ప్రింటు తీసి పెట్టాం.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. ఒకచోట ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు చివర, మూడో చోట పేరులో మూర్తి ఎగిరిపోయి, నాలుగో చోట వయసు అయిదేళ్లు తక్కువ. ఒక మనిషి నలుగురు మనుషులవుతాడు. ఒక తెల్లకాయితం మీద ఈ పేర్లన్నీ, వాటి ఎదురుగా ఆస్పత్రి, ఐపీ నంబరు, తేదీ రాసి ఫైలు మొదట్లో పెడితే చూసేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు ఈ తలనొప్పి తగ్గించడానికే వచ్చింది. కానీ దానికి జతచేసిన రికార్డులే అందులో కనిపిస్తాయి, 2014 నాటి చీటీ దానంతటదే అందులోకి ఎగిరి రాదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకుంటే సమాచార హక్కు దరఖాస్తు కూడా ఉంది, జవాబుకు 30 రోజుల గడువు. నా సలహా, ముందు సూపరింటెండెంట్‌కి మామూలు అర్జీ పెట్టండి. చాలాసార్లు అది చాలు.

చివరి ఆస్పత్రి

ఎంత ముందుగా సర్దినా ఒక భాగం ముందుగా దొరకదు. మనిషి చివరి రోజుల కాయితాలు. మెదడు కణజాలం నాణ్యత ఆ రోజుల మీద ఆధారపడుతుంది. ఎన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు, జ్వరం ఎంత, ఆక్సిజన్ పడిపోయి ఎంతసేపయింది, ప్రాణం ఎన్ని గంటలకు పోయింది, ఫ్రీజర్లో ఎప్పుడు పెట్టారు. చాలా బ్యాంకులు మెదడును సగం ఫార్మలిన్‌లో, సగం మైనస్ 80 డిగ్రీల చలిలో దాస్తాయి. చలిలో దాచిన సగంలో జన్యు పరీక్షలు పనిచెయ్యాలంటే పై లెక్కలు తెలియాలి. మరణానికి, మెదడు తీయడానికి మధ్య గంటలే ఉండాలి, రోజులు కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు 570 కిలోమీటర్లు. అమెరికా నుంచి పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ పెట్టెలో ఉంచే మన అలవాటుకూ దీనికీ అసలు పొత్తు కుదరదు, ఈ ముక్క పిల్లలకు ముందే చెప్పుకోవాలి. మామయ్య పుత్రరత్నం బెంగళూరులోనే ఉన్నాడు కాబట్టి మాకు ఆ బాధ తప్పింది.

ఇక్కడే అంటువ్యాధుల రిపోర్టులు కూడా. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి. మెదడు కోసే మనిషి రక్షణ కోసం. వేగంగా నెలల్లోనే మతి పోయిన కేసయితే సీజేడీ అనే అరుదైన జబ్బు అనుమానం ఎప్పుడైనా వచ్చిందేమో తప్పనిసరిగా చెప్పాలి, దాని కారకం ఫార్మలిన్‌కు కూడా లొంగదు. ఆస్పత్రిలో పోతే కారణం రాసిచ్చేది ఫారం 4, ఇంట్లో పోతే 4ఎ. దాని కాపీ ఆరోజే అడిగి తీసుకోవాలి. "గుండె ఆగి మరణం" అని ఒక్క ముక్క రాసి పంపే అలవాటు మన దగ్గర ఉంది. గుండె ఆగకుండా ఎవరు పోతారు? దానికి దారితీసిన జబ్బు పేరు కూడా రాయమని అడగండి.

ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి

అత్తయ్య అభ్యంతరం నిజానికి మెదడు గురించి కాదని తర్వాత తెలిసింది. కవరులో 1990ల నాటి ఒక చీటీ ఉంది, మామయ్య కొన్నాళ్లు డిప్రెషన్‌కు మందులు వాడారు. ఆ సంగతి ఆడపడుచులకు కూడా తెలియదు. "అదీ ఇస్తారా?" అని అడిగింది. ఇవ్వాలి. అది కూడా మెదడు కథే, పైగా పార్కిన్సన్స్‌లో వణుకు కంటే ఏళ్ల ముందే డిప్రెషన్ కనిపించడం ఉంటుంది. తాగుడు, పాత ఫిట్స్, ఆత్మహత్యాయత్నం, ఇవన్నీ మనవాళ్లు డాక్టరు దగ్గర కూడా మింగేసే విషయాలు. పరిశోధకుల చేతికి కణజాలం వెళ్లేది పేరుతో కాదు, కోడ్ నంబరుతో. అయినా ఆ ఫైలు ఎవరు చూస్తారు, ఎక్కడ దాస్తారు, మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చా అని సంతకం పెట్టేముందే అడగడం మన హక్కు. సిగ్గుపడనక్కర్లేదు.

ఇంకో ప్రశ్న పెద్దది. మెదడులో వంశపారంపర్య జబ్బు కనబడితే? హంటింగ్టన్స్ లాంటిదైతే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. ఆ రిపోర్టు ఇంటికి పంపాలా, వద్దా? ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్లలుంటే ఈ మాట భోజనాల దగ్గర తేలేది కాదు. నా మటుకు నాకు తెలుసుకోవడమే నయమనిపిస్తుంది. మా బావ వద్దన్నాడు. ఇద్దరం ఒకరినొకరు ఒప్పించుకోలేకపోయాం, మామయ్య మాత్రం "ఎవడికి కావాలో వాడికి చెప్పమనండి" అని తేల్చేశారు. అలాగే రాశాం.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అమ్మానాన్నల్ని గ్రీన్‌కార్డు మీద తీసుకెళ్లిన ఇళ్లకు దారి వేరు. అక్కడ వైద్య వివరాల గోప్యత చూసే హిపా చట్టం ప్రకారం ఆస్పత్రి 30 రోజుల్లో రికార్డులివ్వాలి, కారణం రాసిచ్చి ఇంకో 30 రోజులు సాగదీయొచ్చు. మనిషి పోయాక కూడా 50 ఏళ్ల పాటు ఆ రికార్డులకు గోప్యత ఉంటుంది. పవర్ ఆఫ్ అటార్నీని అక్కడ మతి తప్పినా చెల్లేలా రాయించుకోవచ్చు, కానీ ప్రాణం పోయిన క్షణం అదీ చెల్లదు. ఆపైన హక్కు ఎస్టేట్ చూసే వ్యక్తిది. నాన్న పాస్‌వర్డ్‌తో మైచార్ట్ (రికార్డులు కనిపించే ఆస్పత్రి ఆన్‌లైన్ ఖాతా) తెరిచి చూసుకుంటున్న కొడుకు ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో బయటివాడు కావచ్చు. డౌన్‌లోడ్ చేసుకునే పని ముందే చేసుకోవాలి.

అక్కడ బ్రెయిన్ బ్యాంకులే రికార్డులు తెప్పించుకుంటాయి, మనం రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టిస్తే. ఆ ఫారంలో గడువు తేదీ గడి ఒకటుంటుంది. తొందరలో ఏడాది అని రాసేసి, మనిషి మూడేళ్లు బతికితే ఆ కాయితం చెత్త. సైకోథెరపీ నోట్సుకు, మద్యం మాదకద్రవ్యాల చికిత్స రికార్డులకు విడిగా ఒప్పుదల అడుగుతారు. జాతీయ ఆరోగ్య సంస్థల న్యూరోబయోబ్యాంక్ 2013 నుంచి కొన్ని బ్యాంకుల్ని ఒక గొడుగు కిందికి తెచ్చింది. ఆ బ్యాంకులకు మనుషుల్ని కలపడానికి 2016లో బ్రెయిన్ డోనర్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ మొదలైంది. డ్రైవింగ్ లైసెన్సు మీద డోనర్ గుర్తు ఉంటే చాలనుకోవద్దు, అది దీనికి వర్తించదు.

పుష్కరాల లెక్క

ఆస్పత్రి కాయితాలన్నీ వచ్చాక కూడా ఒక ఖాళీ మిగిలింది. జబ్బు డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు మొదలవ్వదు కదా. మన పల్లెల్లో ముందు ఆర్ఎంపీ దగ్గర సూది, తర్వాత తాయెత్తు, ఆ తర్వాత పట్నం. ఆ రెండు మూడేళ్లకు కాయితం ఉండదు. మెదడు బ్యాంకులు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలడిగేది అందుకే. మేం ఆ పని ముందే చేద్దామని అత్తయ్య ముందు నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాం.

తేదీలు అడిగితే ఆవిడకు ఒక్కటీ గుర్తులేదు. పండగలు అడిగితే అన్నీ గుర్తున్నాయి. 2015 గోదావరి పుష్కరాలకు రాజమండ్రిలో మెట్లు ఆయనే దిగాడు. మరుసటేడు కృష్ణా పుష్కరాలకు విజయవాడలో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. వాటికి ఏళ్ల ముందు ఒక సంక్రాంతికి పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మినా హాల్లో కూర్చున్న మనిషికి వాసన తెలియలేదు. అంతకు చాలా ముందు నుంచీ నిద్రలో కేకలు, కాళ్లతో తన్నడం, ఆవిడ పక్క వేరే వేసుకుంది. వాసన పోవడం, నిద్రలో ఆ పెనుగులాట, రెండూ వణుకు కంటే ఏళ్ల ముందు వచ్చే గుర్తులని న్యూరాలజిస్టు తర్వాత చెప్పాడు. ఆవిడ ఏ డాక్టరుకూ చెప్పలేదు, ఏ డాక్టరూ అడగలేదు. నేను పండగ పక్కన ఇంగ్లిషు నెల వేసుకుంటూ రాశాను.

అంతా అయ్యాక లేచి వెళ్లి దేవుడి గూట్లోంచి ఒక కవరు తెచ్చింది. బ్యాంకు కవరు. 2013లో మామయ్య రాసిన చెక్కు, సంతకం కలవట్లేదని వెనక్కి పంపించారు. ఆరోజు మేనేజరుతో పెద్ద గొడవ పెట్టుకున్నారట, ముప్ఫై ఏళ్లుగా ఇదే సంతకమని. చూస్తే పేరు మొదటి అక్షరం మామూలుగానే ఉంది. అక్కడి నుంచి అక్షరాలు ఒక్కొక్కటీ చిన్నవైపోతూ, చివరికి చీమ తలంత. పార్కిన్సన్స్‌లో చేతిరాత అలా కుంచించుకుపోతుంది. ఈ జబ్బు గురించి మాకు దొరికిన అన్ని కాయితాల్లోకీ అదే పాతది, మొదటి ఓపీ చీటీ కంటే ఏడాది ముందుది. ఫైలులో ఒకటో పేజీగా దాన్నే పెట్టాం.